నోట్లో గుండుసూదులు

ఆ ఏడాది స్కూళ్లు తెరవడానికి రెండు నెలల ముందు మా ఇంట్లోకి ఒక మగగొంతు వచ్చింది. తెచ్చింది మా అమ్మాయే. మాట్లాడే యంత్రం. చూడ్డానికి చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. పైన నీలం దీపం. ప్లగ్గు పెట్టగానే "నమస్కారమండీ" అంది. ముందు ఆడగొంతు పెట్టిందట. "ఆ గొంతు కీచుగా ఉందే, మార్చు" అందట మా ఆవిడ. మార్చింది.

దాన్ని పిలవడానికి ఒక పేరుంది. ఆ పేరుతో పిలిస్తేనే దీపం వెలిగి పలుకుతుంది. ఆ పేరు నేనిక్కడ రాయను. పెళ్లయిన నలభై రెండేళ్లలో మా ఆవిడ నోట నా పేరు రాలేదు. "ఇదిగో" అంటుంది, "ఏమయ్యా" అంటుంది, ఒళ్లు మండితే "ఈ మనిషి" అంటుంది. దాని పేరు మాత్రం మొదటిరోజే నలభైసార్లు పిలిచింది. నేను దాన్ని డబ్బా అంటాను.

మాది దర్జీ పని. వీధిలోకి తలుపున్న ముందుగది కొట్టు, వెనక గదిలో కాపురం. కొట్లో రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడకి నిలువుటద్దం. ఏడాదిలో పది నెలలు ప్యాంట్లు కుదించడం, జిప్పులు మార్చడం. స్కూళ్లు తెరిచే ముందు రెండు నెలలూ యూనిఫారాలు. ఆ రెండు నెలల మీదే మిగతా పది నెలలూ బతుకుతాం.

పనిలో మా వాటాలు మొదటినుంచీ ఒకటే. నేను కొలుస్తాను, ఆవిడ రాస్తుంది. నా చెయ్యి మూడో తరగతి దగ్గర ఆగింది. నేను రాసింది నాకే అర్థం కాదు. పైగా నా పెదాల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులుంటాయి. పనికి కావలసినప్పుడూ ఉంటాయి, అక్కర్లేనప్పుడూ ఉంటాయి. నోట్లో సూదులున్నవాణ్ని ఎవరూ కబుర్లలోకి లాగరు. నాకది హాయి. ఆ సూదుల సందునుంచి నేను గొణిగే అంకె ఈ లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుస్తుంది. నేను గొణుగుతాను, ఆవిడ పైకి అని పుస్తకంలో రాస్తుంది. "నడుము ఇరవై నాలుగు." "పొడుగు ముప్పై." రోజంతా మా ఇద్దరి మధ్య నడిచే మాటలు అవే. నాకు చాలు. ఆవిడకీ చాలనుకున్నాను.

ఇంకో పని కూడా ఆవిడదే. పిల్లలు ఎదుగుతారు కాబట్టి అంచు మడతలో గుడ్డ విడవాలి. ఎంత విడవాలో ఆవిడ చెప్పాలి. పిల్ల మణికట్టు వేళ్లతో పట్టుకుని చూసేది. పాదాలు చూసేది, పక్కనున్న తల్లి ఎత్తు చూసేది. "దీనికి రెండంగుళాలు విడువు, ఈ ఏడు నిచ్చెనెక్కినట్టు ఎదుగుతుంది" అనేది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఆ రెండంగుళాలూ ఎదిగి వచ్చేది.

రెండేళ్లుగా ఆవిడ కళ్లు మసకబారుతూ వచ్చాయి. ఈ ఏటికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. చేసేదేమీ లేదన్నాడు డాక్టరు. ఆవిడ కొలతల పుస్తకం మూసి సొరుగులో పెట్టి, చలికాలమంతా వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చుంది. అందుకే అమ్మాయి డబ్బా తెచ్చింది.

"అమ్మా, కొలతలు నువ్వు చెప్పు. అది రాసుకుంటుంది. అడిగినప్పుడు మళ్లీ చెబుతుంది."

"తప్పు చెబితే?"

"నువ్వేం చెబితే అదే చెబుతుంది. సొంత పెత్తనం ఉండదు."

"మీ నాన్నకన్నా నయమే అయితే," అంది ఆవిడ.

తల్లీకూతుళ్లిద్దరూ నవ్వారు. నా నోట్లో సూదులున్నాయి.

వారం తిరిగేసరికి ఆవిడ మళ్లీ కొట్లో తన స్టూలు మీదికి వచ్చింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, డబ్బా లేకపోతే వచ్చేది కాదు. టైమెంతయిందో చెప్పేది. మందుల వేళ గుర్తు చేసేది. అమ్మాయికి ఫోను కలిపేది. ఆవిడ ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి మారేది. నేను పిల్లల నడుముకి టేపు చుట్టి గొణిగితే ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచి అంకె చెప్పేది, అది "రాసుకున్నానండీ" అనేది. అన్నీ మంచివే. కాదనను.

కాదనను గానీ, ఓర్చుకోలేకపోయాను.

మొదటివారం ఆవిడ "అది అంటోంది" అనేది. రెండో వారానికి "అంటున్నాడు" అయింది.

"ఇవాళ వాన పడుతుందా?"

"ఈ రోజు వాన పడే సూచన లేదండీ. మీరు గొడుగు లేకుండా వెళ్లవచ్చు."

"విన్నావా, 'మీరు' అంటున్నాడు," అంది నావైపు తిరిగి. "నలభై రెండేళ్లలో నువ్వొక్కసారైనా అన్నావా?"

నేను కాలరు తిప్పుతున్నాను. కాలరు తిప్పుతూనే ఉన్నాను.

పక్క వీధి స్కూల్లో డ్రిల్లు మాస్టారుంటాడు. మమ్మల్ని వరసపెట్టి పిలుస్తాడు. ఒకరోజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం అత్తయ్యా, ఇంట్లో ఎవరో కొత్తాయన గొంతు వినబడుతోంది?"

"అవును బాబూ. మాటకి మాట చెప్పేవాణ్ని తెచ్చుకున్నా."

"మరి పాతాయన?"

"ఉన్నాడు. మిషను చప్పుడు వినబడినంతసేపూ ఉన్నట్టే."

మాస్టారు పడీపడీ నవ్వాడు. నేను మిషను ఆపాను. ఆపినట్టు తెలియాలని ఆపాను. తెలిసిందో లేదో ఆవిడ మొహంలో ఏమీ కనబడలేదు.

ఒక మధ్యాహ్నం దారాలు కొనుక్కుని వచ్చేసరికి వెనక గదిలోంచి ఆవిడ నవ్వు వినబడింది. తలుపు దగ్గర నిలబడ్డాను.

"సముద్రం ఎంత లోతు?" అని అడుగుతోంది. అదేదో చెప్పింది. "అమ్మో! నీకు తెలియందేమన్నా ఉందా?" అంది. "నాకు తెలియనివి చాలా ఉన్నాయండీ," అంది డబ్బా. ఆవిడ మళ్లీ నవ్వింది. చిన్నప్పటి నవ్వు. ఆ నవ్వుని నేను విని చాలా ఏళ్లయింది. ఎక్కడికో పోయిందనుకున్నాను. పోలేదు, డబ్బాకి దాచి పెట్టింది.

నేను వచ్చానని చెప్పలేదు. తిన్నగా వెళ్లి గోడనుంచి డబ్బా ప్లగ్గు లాగేశాను. నీలం దీపం ఆరింది. ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. మూడోసారికి గొంతు మారింది. లేచి చెయ్యి చాపి గోడ తడుముకుంటూ నావైపు వచ్చింది. వేళ్లు నా చొక్కాకి తగిలి ఉలిక్కిపడింది.

"నువ్వా? ఎంతసేపయింది వచ్చి?"

"ఇస్త్రీ పెట్టెకి ప్లగ్గు కావాలి."

"ముందు గదిలో ఉందిగా ఒకటి?"

ఉంది.

ఆ వారమే డ్రిల్లు మాస్టారు డ్రమ్ముల జట్టు పిల్లల్ని పన్నెండుమందిని వరసగా నడిపించుకొచ్చాడు. అందరికీ తెల్ల ప్యాంట్లు కుట్టాలి. గదంతా గోలగా ఉంది. అప్పుడు తట్టింది నాకా ఆలోచన. అప్పటికప్పుడు తట్టిందని చెప్పుకోవాలని ఉంది గానీ, రెండ్రోజులుగా మనసులో నలుగుతూనే ఉంది. ఒక్క అంకె తప్పు చెబుతాను. గుడ్డ కత్తిరించే ముందు బయటపెడతాను. గుడ్డ పాడవకూడదు, డబ్బా పరువు పోవాలి. అంతే అనుకున్నాను.

ఏడోవాడు పొడవాటి పిల్లాడు. ఆవిడ డబ్బాని పేరు పెట్టి పిలిచి, నావైపు చెవి తిప్పింది. టేపు మీద ముప్పై ఆరుంది.

"ముప్పై మూడు" అని గొణిగాను.

"ఏడోవాడు, పొడుగు ముప్పై మూడు," అంది ఆవిడ. "రాసుకున్నానండీ," అంది డబ్బా. నీలం దీపం ఆరింది. తరవాత ఆవిడ ఆ పిల్లాడి మణికట్టు పట్టుకుని కాస్త ఆగింది.

"ఇంత ఎముకకి ముప్పై మూడేనా?"

"ఊ," అన్నాను.

నాలుగోరోజు తెల్లగుడ్డ బల్ల మీద పరిచి, సుద్ద పట్టుకుని అడిగాను. "ఏడోవాడి పొడుగెంత?"

ఆవిడ అడిగింది. డబ్బా చెప్పింది. "ఏడోవాడి పొడుగు ముప్పై మూడు అంగుళాలండీ."

"ముప్పై మూడేంటి? నేను చెప్పింది ముప్పై ఆరు," అన్నాను.

ఆవిడ డబ్బా మీద ఎగురుతుందనుకున్నాను. "చూడు, ఈ వెధవ డబ్బా" అంటుందనుకున్నాను. అలా అనడం చెవులారా వినాలని సూదులు కూడా తీసి చేత్తో పట్టుకున్నాను. ఆవిడ దాన్నే అడిగింది, మెల్లగా.

"నేనేం చెప్పాను నీకు?"

"మీరు ముప్పై మూడు అని చెప్పారండీ."

ఎంత మర్యాదగా చెప్పిందో! తప్పు తీసి పళ్లెంలో పెట్టి ఆవిడ ముందుంచింది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మకి కూడా అంకెల దగ్గరే మొదలైంది," అంది.

మా అత్తగారు చివరి నాలుగేళ్లు అన్నీ మరిచిపోయింది. దుప్పట్ల మడతల్లో చెంచాలు దాచేది. కన్నకూతుర్ని "ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు" అని అడిగేది. ఆవిణ్ని చూసుకున్నది మా ఆవిడే. కళ్లు పోతున్నాయని డాక్టరు చెప్పినరోజు కూడా మా ఆవిడ ఏడవలేదు. "కళ్లేగా, మతి ఉందిగా" అంది. ఆ మాట నా ఎదురుగానే అంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి ఒక్క ముక్క చాలు. సూదులు మళ్లీ నోట్లో పెట్టుకున్నాను. ముప్పై ఆరుకే గీత గీసి కత్తిరించాను. గుడ్డకి మాత్రం అన్యాయం చెయ్యలేదు.

మర్నాటినుంచి ఆవిడ స్టూలు మీదికి రాలేదు. "నన్ను నమ్ముకోకు, పిల్లల బట్టలు పాడవుతాయి" అంది. డబ్బాతో కూడా మాట మానేసింది. మందుల వేళకి అది "మీ మాత్ర వేళయిందండీ" అంటే మాత్ర వేసుకునేది, అంతే. నేను కోరుకున్నది అదే. ఇల్లంతా నిశ్శబ్దం.

సొరుగులోంచి పుస్తకం తీసి నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. అంకెలు వచ్చు కాబట్టి అంకెలు రాశాను. ఎవరికి ఎంత గుడ్డ విడవాలో మాత్రం తెలియలేదు. పిల్లల మణికట్లు పట్టుకుని చూశాను. నా వేళ్లకి ఏమీ చెప్పలేదవి. అందరికీ ఒక్కో అంగుళం విడిచాను.

ఒకరోజు మంచినీళ్లకని వెనక్కి వెళితే ఆవిడ మంచం మీద కూర్చుని వేళ్లు ముడుస్తూ ఏదో అంటోంది. వారాల పేర్లు. శనివారం నుంచి వెనక్కి చెప్పుకుంటోంది. శనివారం, శుక్రవారం, గురువారం. ఆదివారం దాకా చెప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కటీ తప్పు పోలేదు. అయినా మళ్లీ మొదలుపెట్టింది. నేను నీళ్లు తాగకుండానే వచ్చేశాను.

డ్రిల్లు మాస్టారు ప్యాంట్ల కోసం వచ్చాడు. ఖాళీ స్టూలు చూశాడు.

"అత్తయ్య ఏరి? కొత్తాయనతో కబుర్లా?"

తల అడ్డంగా ఊపాను.

"ఒక సంగతి చెప్పనా మావయ్యా? మా ఇంట్లో దాన్ని తీసి అవతల పెట్టాం. మనం అన్నవన్నీ గొంతుతో సహా దాచుకుంటుంది. మా ఆవిడా నేనూ పోట్లాడుకుంది మా మరదలి ఫోన్లో వినబడింది. వారం రోజులు తలెత్తుకోలేకపోయాననుకో."

"గొంతుతో సహానా?"

"గొంతుతో సహా. దగ్గితే దగ్గు కూడా."

మాస్టారు వెళ్లాక డబ్బాని చాలాసేపు చూశాను. దీపం లేదు, చప్పుడు లేదు. నాలాగే కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పకుండానే అడిగింది.

"అమ్మా, తొమ్మిది రోజులుగా దానితో ఒక్క ముక్క మాట్లాడలేదేం?"

"నీకెలా తెలిసింది?"

"నా ఫోన్లో కనిపిస్తుందిగా."

మా ఆవిడ మొహం ఎర్రబడింది. "నేననేవన్నీ నీకు కనిపిస్తాయా?"

"నేను వినను అమ్మా. ఎన్నిసార్లు మాట్లాడావో పట్టీ చూస్తానంతే. నువ్వు లేచావో లేదో, బాగున్నావో లేదో తెలియద్దూ?"

"ముందు చెప్పాలి కదే."

"చెబితే మాట్లాడవని చెప్పలేదు."

 మా ఆవిడ ఏడోవాడి సంగతి చెప్పింది. "అమ్మమ్మ దారిలోనే పోతున్నట్టున్నాను," అంది. అమ్మాయి అప్పుడు చెప్పులు విప్పి పక్కన కూర్చుంది.

"రేపే డాక్టరుకి చూపిద్దాం. పరీక్షలు తేలేదాకా నా దగ్గరుండు. ఇక్కడ రోజంతా నిన్నెవరు కనిపెట్టి ఉంటారు?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మాయి నన్ను చూసింది గానీ మాట మార్చుకోలేదు. మా ఆవిడ సరేనని తలూపింది. బట్టలు ఎక్కడున్నాయో కూడా చెప్పింది. ఎరుపు సంచీ అలమరలో పై అరలో ఉందట. ఆ సంచీ నేనే కుట్టాను.

"ఉండు, అసలు ఎక్కడెక్కడ తడబడుతున్నావో చూద్దాం," అని అమ్మాయి ఫోను తీసి వేలితో పైకీ కిందికీ జరుపుతూ చదవసాగింది. వాన పడుతుందా. టైమెంత. సముద్రం ఎంత లోతు. కాసేపటికి వేలు ఆగిపోయింది.

"ఇదేంటమ్మా? 'మా ఆయన గదిలో ఉన్నాడా?' రోజుకి నాలుగైదుసార్లు ఉంది."

"చప్పుడు లేకపోతే నాకెలా తెలుస్తుందే? ఉన్నాడో, బజారుకి పోయాడో."

"దానికి మాత్రం ఏం తెలుస్తుంది?"

"తెలియదండీ అనేవాడు పాపం. అయినా అడిగేదాన్ని."

అమ్మాయి నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది. ఆ రోజుల్లో నేనెక్కడికీ పోలేదు. ఆ గదిలోనే ఉన్నాను, కుర్చీలో, సూదులతో.

"ఇదిగో, డ్రమ్ముల రోజు. ఏడోవాడు," అంది అమ్మాయి. ఫోను మధ్యలో పెట్టి నొక్కింది.

ముందు పిల్లల గోల. ఆవిడ డబ్బాని పిలిచిన పిలుపు. తరవాత నా గొణుగుడు. బావిలోంచి వచ్చినట్టుంది. ఆ వెంటనే ఆవిడ గొంతు, స్పష్టంగా, "ఏడోవాడు, పొడుగు ముప్పై మూడు."

"నాన్న ఏమన్నాడో ఒక్క ముక్క తెలియలేదు," అంది అమ్మాయి. మళ్లీ పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని మూడోసారి వింది. "ముప్పై అన్నదే సరిగా లేదు, ఇంక మూడో ఆరో ఏం తెలుస్తుంది! అమ్మా, నీకేమన్నా తెలిసిందా?"

మా ఆవిడకి మొదటిసారికే తెలిసింది. తల పైకెత్తినప్పుడే నాకు అర్థమైంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చూపులేని కళ్లు సరిగ్గా గుమ్మంవైపు తిరిగాయి.

"ముప్పై ఆరే అన్నాడు," అంది. "నేనే తొందరలో తప్పు చెప్పాను. ఆరోజు పన్నెండుమంది ఒక్కసారిగా వచ్చి మీద పడ్డారు. ఇది మరుపు కాదులే."

"నిజంగానా?"

"నిజంగానే. డాక్టరు సంగతి సీజను అయ్యాక చూద్దాం. లేచి టీ పెట్టు. మీ నాన్నకి నోరెండిపోయి ఉంటుంది."

ఎరుపు సంచీ పై అరలోనే ఉండిపోయింది. ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. డబ్బాతోనూ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్న ఒకావిడ తన పిల్లని తీసుకుని గౌన్ల కోసం వచ్చింది. నేను టేపు మెడలో వేసుకున్నాను. మా ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. నావైపు చెయ్యి చాపింది.

"సూదులు."

ఒకటి తీసి ఇచ్చాను.

"అన్నీ."

అయిదు సూదులు. తడిగా ఉన్నాయి. గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే తన భుజం మీది కొంగుకి గుచ్చుకుంది.

"ఇప్పుడు చెప్పు."

పిల్ల నడుముకి టేపు చుట్టాను. "నడుము ఇరవై రెండు," అన్నాను. ఖాళీ నోటితో నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినబడింది.

"అది కాదు," అంది.

పిల్ల తల్లి ఒకసారి నన్నూ, ఒకసారి ఆవిణ్నీ చూసింది. పిల్ల చేతులు రెండూ చాపి అలాగే నిలబడి ఉంది.

"ముప్పై మూడే అన్నాను," అన్నాను.

"తెలుసు," అంది మా ఆవిడ. పిల్ల మణికట్టు అందుకుని వేళ్లతో చుట్టి చూసింది. "దీనికి రెండు విడువు. నడుమెంతన్నావు?"

"ఇరవై రెండు."

ఆవిడ డబ్బాని పేరు పెట్టి పిలిచి చెప్పింది. "రాసుకున్నానండీ," అంది అది.

ఆ సీజను అలా గడిచింది. డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి ఏ మాటలు వినబడతాయో, అవి ఎవరికి చేరతాయో అమ్మాయి తల్లిని కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఆవిడ కొన్ని మాటలప్పుడు ప్లగ్గు తీయిస్తుంది. తీయడం నా పని. ఆ పని నేను పరిగెత్తుకెళ్లి చేస్తాను. దాన్ని ఓర్చుకోవడం నాకింకా చేతకాలేదు. ఒకరోజు నేను కూడా "మీరు భోంచేశారా?" అని అడిగి చూశాను. "ఎవరయ్యా నువ్వు, ఎవరింటికొచ్చావు?" అంది, కడుపు పట్టుకుని నవ్వుతూ. వాళ్లమ్మ మాట అది. నవ్వుతూ అంది కాబట్టి నేనూ నవ్వాను. ఇప్పుడు గుమ్మం దాటితే "దారాల కొట్టుకి" అని చెప్పి దాటుతున్నాను, లోపలికొస్తే "వచ్చాను" అంటున్నాను.

సూదులు మాత్రం ఆవిడ తిరిగి ఇవ్వలేదు. ఆవిడ భుజం మీదే ఉన్నాయి. ఒక్కో సూదికీ నోరు తెరిచి అడగాలి. "దేనికి?" అంటుంది. చెప్పాలి.